ఆఫీసు మెయిల్‌ను రోజుకు గంటలో ముగించడం ఎలా: మొదటి నుంచి చివరిదాకా

పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు చూస్తుంటాను. శ్రీకాకుళంలో ఆడిటర్ల దగ్గర పనిచేసే కుర్రాళ్ళు, విజయనగరంలో షోరూముల్లో బిల్లింగ్ చూసే స్నేహితులు ఎప్పుడూ అడిగేది ఒకటే: "మెయిల్ తెరిస్తే పూటంతా అందులోనే పోతోంది, మీరెలా నెట్టుకొస్తున్నారు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి గొంతు పోయింది. అందుకే వరసగా రాస్తున్నాను.

మా గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ళను చూసి నేర్చుకున్నదే ఇదంతా. పప్పు చేతికి రాగానే గుండా, బద్దా, ముక్కా అని చూస్తారు, ఆ గంపలో వేస్తారు. చూసిన పప్పును మళ్ళీ కుప్పలోకి విసరరు. మనం మెయిల్ దగ్గర రోజంతా చేసేది ఆ విసరడమే. తెరుస్తాం, చదువుతాం, "తర్వాత చూద్దాంలే" అని కుప్పలోనే వదిలేస్తాం. సాయంత్రానికి అదే మెయిల్‌ను నాలుగోసారి చదువుతుంటాం.

చాలామంది దగ్గర ఉన్నది జీమెయిలే కాబట్టి ఆ పేర్లతోనే చెబుతాను. అవుట్‌లుక్‌లోనూ ఇవే సదుపాయాలు వేరే పేర్లతో ఉంటాయి. ఇక్కడ ఫిల్టర్ అన్నదాన్ని అక్కడ రూల్ అంటారు.

1. కూర్చునే ముందు

ఇది ఫోన్లో చేసే పని కాదు. కంప్యూటర్ ముందు రెండు గంటలు తీరిక ఉన్న రోజు చూసుకోండి. నెలలో 8 నుంచి 20వ తేదీ మధ్య అసలు మొదలుపెట్టకండి. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న 3బి (పన్ను కట్టే నెలవారీ రిటర్ను) అంటూ పరుగులు పెట్టే రోజుల్లో మెయిల్ సర్దుడు పెట్టుకుంటే రెండూ చెడతాయి.

ముందు ఇవి చూసుకోండి:

- ఆఫీసుకు ఎన్ని మెయిల్ ఐడీలు ఉన్నాయి? ఏది ఎవరి ఫోన్లో తెరిచి ఉంది?
- పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ ఏ నంబరుకు వెళ్తుంది? ఉద్యోగం మానేసిన మనిషి నంబరు అయితే ఈరోజే మార్చండి.
- జీఎస్టీ, ఆదాయపు పన్ను, పీఎఫ్ పోర్టళ్ళలో ఏ ఐడీ ఇచ్చారు?
- రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్లోనూ ఖాయం చేయమని అడిగేది) ఆన్‌లో ఉందా?

మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కొంప ముంచేది అదే. రిజిస్ట్రేషన్ చేయించిన రోజు ఎవరో తమ సొంత ఐడీ ఇచ్చేస్తారు. తర్వాత మనిషి మారిపోతాడు, ఐడీ అలాగే ఉండిపోతుంది. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 169వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కు నోటీసు పంపడం కూడా నోటీసు అందజేయడమే. "మాకు రాలేదండీ" అంటే కుదరదు. పోర్టల్‌లోకి వెళ్ళి ఐడీ, ఫోన్ నంబరు మీవేనో కాదో చూసుకున్నాకే తర్వాతి మెట్టు ఎక్కండి.

2. పాత కుప్పను పక్కకు జరపండి

ఇన్‌బాక్స్‌లో ఎనిమిది వేలు ఉన్నాయా? వాటిని చదవాలని ఎవరూ అనడం లేదు. నెల దాటిన మెయిల్‌లో నిజంగా అవసరమైనది ఉంటే దాని మనిషి ఈపాటికి ఫోన్ చేసే ఉంటాడు.

వరస ఇది:

ఒకటి. గత 30 రోజుల మెయిల్ పైపైన చూడండి. ఇంకా పని మిగిలి ఉన్నవాటికి మాత్రం నక్షత్రం గుర్తు పెట్టండి. జవాబులు ఇప్పుడే ఇవ్వకండి, ఇస్తే సర్దుడు అక్కడే ఆగిపోతుంది.

రెండు. సెర్చ్ పెట్టెలో ఇన్:ఇన్‌బాక్స్ అని, ఒక ఖాళీ వదిలి, బిఫోర్: అని కొట్టి, దాని పక్కనే నెల క్రితం తేదీ ఇవ్వండి. తేదీ 2025/04/01 తరహాలో, సంవత్సరం ముందు రావాలి. నేను తెలుగులో రాస్తున్నా, ఈ మాటలు టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాలతోనే. కోలన్ తర్వాత ఖాళీ ఉండకూడదు.

మూడు. ఎడమవైపు పైన ఉన్న చిన్న గడిలో టిక్ పెట్టండి. అది ఆ పేజీలో కనిపించే మెయిళ్ళను మాత్రమే ఎంచుకుంటుంది. పైన ఒక లైను వస్తుంది: ఈ సెర్చ్‌కు సరిపోయే అన్నిటినీ ఎంచుకోమంటారా అని. దాన్ని నొక్కండి. చాలామంది ఈ లైను చూడక పేజీ తర్వాత పేజీ టిక్కులు కొడుతూ కూర్చుంటారు.

నాలుగు. ఆర్కైవ్ నొక్కండి. డిలీట్ కాదు.

ఈ రెండింటి తేడా తెలియకే భయపడతారు. ఆర్కైవ్ చేసింది ఇన్‌బాక్స్ నుంచి తప్పుకుంటుంది గానీ ఆల్ మెయిల్‌లో పదిలంగా ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. డిలీట్ చేసింది ట్రాష్‌లో 30 రోజులుండి శాశ్వతంగా పోతుంది.

ఆర్కైవ్ చేసినంత మాత్రాన స్టోరేజీ తగ్గదు. ఉచిత ఖాతాకు జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ. అది నిండితే మనకు వచ్చే మెయిల్ పంపినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోతుంది. లార్జర్:10ఎమ్ అని వెతికితే 10 ఎంబీ దాటినవి బయటపడతాయి. ఎవరో పంపిన పెళ్ళి వీడియోలు, మూడుసార్లు వచ్చిన ఒకే కేటలాగు తీసేయండి. బిల్లులు, ఒప్పందాలు ఉంటే ముందు కంప్యూటర్‌లో దాచి, అప్పుడు తీయండి.

3. చెత్త రాకుండా కట్టడి

బీమా ఆఫర్లు, వెబినార్లు, ఎప్పుడో ఒకసారి కొన్న ప్రింటర్ కంపెనీ శుభాకాంక్షలు. వీటిని రోజూ డిలీట్ చేయడం ఇంటి ముందు ఇసుక ఊడ్చినట్టే, మళ్ళీ వస్తుంది. మెయిల్ పైన పంపినవారి పేరు పక్కనే ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. ఎడమ మెనూలో మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తే ఒకేచోట అన్నీ వదిలించుకోవచ్చు.

మీకు తెలిసిన కంపెనీలకే ఇది. ముక్కూ మొహం తెలియని మెయిల్ అడుగున ఉన్న లింకు మాత్రం నొక్కకండి, స్పామ్ అని రిపోర్ట్ చేసి వదిలేయండి.

4. నాలుగు గంపలు చాలు

లేబుళ్ళు, అంటే మెయిల్‌కు తగిలించే పేరు చీటీలు, పెట్టమనగానే కొందరు పార్టీకొకటి, నెలకొకటి, ఊరికొకటి చొప్పున అరవై చేస్తారు. వారం తర్వాత ఏది ఎందులో వేయాలో తేలక మానేస్తారు. పార్టీ పేరుతో వెతికితే సెర్చే తెచ్చిస్తుంది, దానికి లేబుల్ దేనికి? మా ఆఫీసులో నాలుగే:

- చేయాలి
- ఎదురుచూపు (మనం అడిగాం, అవతలివాళ్ళు చెప్పాలి)
- బిల్లులు
- నోటీసులు (జీఎస్టీ, ఆదాయపు పన్ను, పీఎఫ్, బ్యాంకు, కరెంటు)

లేబుల్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు.

చివరి రెండింటికీ ఫిల్టర్ పెడితే వాటంతట అవే పడతాయి. ఆ పార్టీ మెయిల్ ఒకటి తెరిచి, పైన మూడు చుక్కల మెనూలో ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీజ్ నొక్కండి. పంపినవారి అడ్రసు దానంతటదే వస్తుంది. క్రియేట్ ఫిల్టర్ నొక్కి, అప్లై ది లేబుల్‌లో మీ లేబుల్ ఎంచుకోండి. పాత మెయిళ్ళకూ వర్తించాలంటే అక్కడే అడుగున ఇంకో టిక్ ఉంటుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. సబ్జెక్టులో ఇన్‌వాయిస్ అనే మాట ఉంటే బిల్లుల్లో వెయ్యి అని పెడితే, దొంగ బిల్లులు కూడా దర్జాగా అందులోకే వస్తాయి. అందుకే ఫిల్టర్ అడ్రసు మీద పెట్టండి, మాట మీద వద్దు. రెండోది, నోటీసుల ఫిల్టర్‌లో స్కిప్ ది ఇన్‌బాక్స్ టిక్ పెట్టడం. నోటీసు కంటికి కనపడాలి. ఆ టిక్ బ్యాంకు వాళ్ళ ప్రచారాలకు పెట్టుకోండి.

5. మూడు పూటలు, ఇరవయ్యేసి నిమిషాలు

ఉదయం పదింటికి, భోజనానికి ముందు, సాయంత్రం నాలుగున్నరకు. మిగతా టైములో మెయిల్ ట్యాబ్ మూసే ఉంటుంది.

"అర్జెంటుది వస్తే?" అని అందరూ అడుగుతారు. అర్జెంటైతే ఫోన్ చేయమని ముందే చెప్పండి. మా సంతకం కింద ఒక లైను ఉంటుంది: "మెయిల్ రోజుకు మూడుసార్లు చూస్తాం. వెంటనే కావాలంటే దయచేసి ఫోన్ చేయండి." ఎవరూ కోపగించుకోలేదు.

ఫోన్లో జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌కు వెళ్ళి, నోటిఫికేషన్లు హై ప్రయారిటీ ఓన్లీ అని పెట్టండి. అది కూడా టెన్షన్ పెడుతుంటే పూర్తిగా ఆపేయండి.

కూర్చున్న ప్రతిసారీ కింద నుంచి పైకి, అంటే పాతదాని నుంచి కొత్తదానికి రండి. తెరిచిన ప్రతి మెయిల్‌కు ఏదో ఒక దారి చూపించాకే తర్వాతిది తెరవాలి:

- రెండు నిమిషాల్లో అయ్యేదా? ఇప్పుడే చేసి ఆర్కైవ్.
- ఎక్కువసేపు పట్టేదా? చేయాలి అని లేబుల్ పెట్టండి. తేదీ ఉంటే స్నూజ్ చేయండి, ఆ రోజు ఉదయం మళ్ళీ పైకి వస్తుంది.
- వేరేవాళ్ళ పనా? ఏం చేయాలో ఒక్క లైను రాసి ఫార్వర్డ్ చేయండి, ఎదురుచూపు లేబుల్ పెట్టండి.
- తెలుసుకుంటే చాలా? ఆర్కైవ్.

చదివి, మళ్ళీ అన్‌రెడ్ చేసి వదిలేయడం అనే అయిదో దారి లేదు. అదే కుప్పలోకి విసరడం.

6. నలుగురికీ ఒకే ఐడీ ఉన్నచోట

మన దగ్గర చిన్న ఆఫీసుల్లో అసలు గొడవంతా ఇక్కడే. ఒక్క ఐడీ, ఒకే పాస్‌వర్డ్, ఓనరు గారి ఫోన్లో, అకౌంటెంటు కంప్యూటర్లో, గొడౌన్ కుర్రాడి ఫోన్లో, అప్పుడప్పుడు ఓనరు గారి అబ్బాయి ల్యాప్‌టాప్‌లో.

మాకు జరిగింది చెబుతాను. ఒక కొనుగోలుదారు రాత్రి తొమ్మిదికి మెయిల్ పెట్టారు: రేపటి లోడులో డబ్ల్యూ 320 గ్రేడు పప్పు కొంత తగ్గించి, బదులుగా అంతకంటే పెద్ద పప్పు డబ్ల్యూ 240 వేయండి అని. గొడౌన్ కుర్రాడు ఇంట్లో ఫోన్ చూస్తూ దాన్ని తెరిచాడు. తనకు సంబంధించింది కాదనుకుని మూసేశాడు. తెల్లారి నేను వచ్చేసరికి ఆ మెయిల్ చదివినట్టుగా, పల్చటి అక్షరాల్లో, మిగతావాటి మధ్య కలిసిపోయి ఉంది. నా కంటికి ఆనలేదు. లారీ పాత ఆర్డరుతోనే వెళ్ళిపోయింది. కుర్రాణ్ణి అరిచి లాభం లేదు, తప్పు పద్ధతిది. చదివారా లేదా అన్నదాన్నే పని గుర్తుగా వాడుకున్నాం మేమంతా.

ఆ తర్వాత మార్చుకున్నవి:

ఇన్‌బాక్స్ చూసే మనిషి పూటకు ఒక్కరే. ఆ పూట మిగతావాళ్ళు దాన్ని తెరవరు. ఉదయం, మధ్యాహ్నం నేను. సాయంత్రం మా జూనియరు. గోడమీద క్యాలెండర్‌లో పేరు రాసి ఉంటుంది.

ఆ నాలుగు గంపలు కాక, మిగతావాళ్ళకు తమ పేరుతో ఒక్కో లేబుల్. ఇన్‌బాక్స్ చూసేవాళ్ళు పంచుతారు, ఎవరి లేబుల్ వాళ్ళు తెరుచుకుంటారు. పని అయ్యాక లేబుల్ తీసేయాలి. లేబుల్ ఉందంటే పని ఉన్నట్టే. చదివారా లేదా అన్నదానితో సంబంధం లేదు.

పాస్‌వర్డ్ పంచడం మానేశాం. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద గ్రాంట్ యాక్సెస్ అనే సదుపాయం ఉంది. దానితో ఇంకొకరు వాళ్ళ సొంత ఐడీతోనే వచ్చి ఆఫీసు మెయిల్ చూడగలరు, జవాబివ్వగలరు. పాస్‌వర్డ్ మార్చడం వాళ్ళ చేతిలో ఉండదు. మనిషి మానేస్తే ఒక్క నొక్కుతో తీసేయవచ్చు.

ఓనరు గారిని ఒప్పించడమే కష్టం. "నా మెయిల్ నేను చూసుకోకూడదా?" అన్నారాయన. చూడండి బాబూ, కానీ చూసింది మాకు చెప్పండి, లేదా నక్షత్రం పెట్టండి అన్నాం. నక్షత్రం ఓనరు గారి గుర్తుగా స్థిరపడిపోయింది.

వాట్సాప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ధర, బరువు, గ్రేడు, తేదీ వాట్సాప్‌లో తేలినా, అదే రోజు రెండు లైన్ల మెయిల్ పెట్టండి: "ఫోన్లో అనుకున్న ప్రకారం..." అని. ఫోన్ మారితే చాట్ పోవచ్చు. మెయిల్ ఉంటుంది.

7. మళ్ళీ ప్రశ్న రాకుండా రాయడం

మెయిల్ తగ్గాలంటే మనం పంపేది తగ్గాలి. ఒక అస్పష్టమైన మెయిల్‌కు మూడు ప్రశ్నలు తిరిగొస్తాయి.

ఆడిటర్‌కు ఇలా పంపుతారు చాలామంది: సబ్జెక్టు "బిల్లులు". లోపల "సార్, బిల్లులు పంపాను, చూడగలరు." చూసి ఏం చేయాలి ఆయన?

మేం ఇలా పంపుతాం:

సబ్జెక్టు: మార్చి కొనుగోలు బిల్లులు 14, రెండింటిలో తేడా, 9వ తేదీలోగా జవాబు కావాలి

నమస్తే సార్,
మార్చి బిల్లులు 14 జతచేశాను. 6వ బిల్లులో మన జీఎస్టీ నంబరు తప్పు పడింది. 11వ బిల్లు రెండుసార్లు వచ్చింది.
ఈ రెండింటి గురించి సప్లయర్‌తో మీరు మాట్లాడతారా, మమ్మల్ని మాట్లాడమంటారా?
9 సాయంత్రానికి చెబితే సప్లయర్ 11లోగా తన రిటర్నులో సరిచేసుకుంటారు, 14న వచ్చే మన 2బిలో సరిగ్గా కనిపిస్తుంది.

(2బి అంటే మన కొనుగోళ్ళ మీద పన్ను క్రెడిట్ ఎంతో చూపించే జీఎస్టీ పట్టీ.)

పంపే ముందు చూసుకోవలసినవి:

- ఒక మెయిల్‌లో ఒకటే విషయం. బిల్లులు, జీతాలు, కరెంటు బిల్లు కలిపి రాస్తే మొదటిదానికే జవాబు వస్తుంది.
- ఎవరు చేయాలో వాళ్ళ పేరు టూలో. తెలిస్తే చాలు అన్నవాళ్ళు సీసీలో.
- ఇరవై మంది డీలర్లకు ధరల పట్టీ పంపితే అందరినీ బీసీసీలో పెట్టాలి. లేకపోతే ఒకరి అడ్రసు ఇంకొకరికి తెలిసిపోతుంది. పైగా ఒకాయన రిప్లై ఆల్ కొడితే ఆ రోజంతా "సరే", "ఓకే", "ధన్యవాదాలు".
- ఫైలు పేరులో విషయం ఉండాలి. స్కాన్0047 అంటే వచ్చే ఏడాది మీకే తెలియదు.
- ముందు ఫైలు జతచేసి, తర్వాత విషయం రాసి, ఆఖరున అడ్రసు పెట్టండి. సగంలో పొరపాటున సెండ్ నొక్కినా ఎక్కడికీ పోదు.

జీమెయిల్‌లో అటాచ్‌మెంటు 25 ఎంబీ దాటితే అది డ్రైవ్ లింకుగా మారుతుంది. ఆ లింకు తెరిచే అనుమతి అవతలివాళ్ళకు ఇచ్చారో లేదో చూడండి, "ఓపెన్ అవడం లేదు సార్" అనే ఫోన్లలో ఎక్కువ దీనివల్లే.

సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్ 5 సెకన్లు ఉంటుంది. దాన్ని 30 చేయండి. ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

నెలకు పదిసార్లు ఒకే జవాబు రాస్తున్నారా? సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్ళి టెంప్లేట్స్ ఆన్ చేయండి. బ్యాంకు వివరాలు, డిస్పాచ్ సమాచారం, బాకీ గుర్తుచేసే ఉత్తరం. మూడు టెంప్లేట్లతో మాకు సగం టైపింగ్ తప్పింది.

8. వెతకడం

సెర్చ్ పెట్టె కుడి చివర గీతల గుర్తు ఉంటుంది. నొక్కితే పంపినవారు, తేదీ, అటాచ్‌మెంటు ఉందా అనే గడులు వస్తాయి. కోడ్ మాటలు గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

9. శుక్రవారం పావుగంట

ఎదురుచూపు లేబుల్ తెరవండి. జవాబు వచ్చినవాటికి లేబుల్ తీయండి. రానివాటికి అదే మెయిల్ కింద ఒక లైను రాయండి, కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు. రెండుసార్లు గుర్తుచేసినా పలకకపోతే ఫోన్ చేయండి. మూడో మెయిల్ దండగ.

స్పామ్ ఫోల్డర్ కూడా ఆ రోజే ఒకసారి చూడండి. అక్కడివి 30 రోజులకు పోతాయి, అసలైన ఆర్డరు అప్పుడప్పుడు అందులో ఇరుక్కుంటుంది.

10. డబ్బు అనే మాట కనిపిస్తే ఆగండి

"మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ కొత్త ఖాతాకు పంపండి." ఈ మెయిల్ తెలిసిన పార్టీ పేరుతోనే వస్తుంది. పాత బిల్లు కూడా జతచేసి ఉండవచ్చు. అడ్రసులో మాత్రం ఒక్క అక్షరం తేడా ఉంటుంది. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తుంది, చత్వారం వచ్చిన కళ్ళకు అసలు తెలియదు.

- పంపినవారి పేరు కాదు, దాని పక్కనున్న అడ్రసు అక్షరం అక్షరం చదవండి.
- మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయకండి. మీ పాత డైరీలో ఉన్న నంబరుకు చేసి అడగండి.
- పంపేశాక అనుమానం వస్తే, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, మీ బ్యాంకుకు ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

11. కరెంటు, నెట్ లేని రోజులకు

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. మా కంప్యూటర్లు బొమ్మల్లా కూర్చున్నాయి. అప్పటినుంచి ఒక ల్యాప్‌టాప్‌లో జీమెయిల్ ఆఫ్‌లైన్ పెట్టి ఉంచుతున్నాను. క్రోమ్ బ్రౌజరులో సెట్టింగ్స్, ఆఫ్‌లైన్ ట్యాబ్. 7, 30, 90 రోజులు అని మూడు ఎంపికలు ఉంటాయి, 30 చాలు. రాసి పంపినవి నెట్ వచ్చాక వెళ్తాయి. నలుగురు వాడే కంప్యూటర్‌లో మాత్రం ఇది పెట్టకండి.

12. సెలవులకు వెళ్ళేముందు

సెట్టింగ్స్ మొదటి పేజీ అడుగున వెకేషన్ రెస్పాండర్ ఉంటుంది. మాది ఇలా ఉంటుంది: "భోగి నుంచి కనుమ వరకు ఆఫీసుకు సెలవు. 17వ తేదీ ఉదయం మీ మెయిల్ చూస్తాం. లోడు విషయమైతే గొడౌన్‌కు ఫోన్ చేయండి." ఒకే మనిషి ఎన్ని మెయిళ్ళు పెట్టినా నాలుగు రోజులకొకసారే ఈ జవాబు వెళ్తుంది, విసిగిపోరు.

లాస్ట్ డే అనే గడిలో టిక్ పెట్టి తేదీ నింపండి. మొదటి ఏడాది నేను అది నింపలేదు. ఫిబ్రవరి రెండో వారంలో ఒక పార్టీ ఫోన్ చేసి అడిగారు, "ఏవండీ, పలాసలో సంక్రాంతి ఇంకా అవలేదా?"